లేని బండ మీద జామీను

మా అత్తగారింటి బండ మాయమైపోయిందని ప్రభుత్వం ఉత్తర్వు పంపిన రోజున నేను ఆ బండ మీదే కూర్చుని కాల్చిన మొక్కజొన్న పొత్తు తింటున్నాను. పోస్ట్‌మ్యాన్ కింద నిలబడి కేకేసి, కవరు ఎత్తి చూపించాడు. దిగి రావడానికి నాకు పది నిమిషాలు పట్టింది. బండ పద్నాలుగు అడుగుల ఎత్తు, నా కాళ్లకున్నవి ఆఫీసు బూట్లు.

కవరు చించి చదివాను. ఈ సర్వే నంబరులోని బండను పూర్తిగా తొలగించి, రెండువేల ఐదువందల ఘనపు మీటర్ల రాయిని అనుమతి లేకుండా తరలించినందుకు మా మామ నరసింహప్ప రాయల్టీ, దానికి ఐదింతల జరిమానా, వెరసి పద్దెనిమిది లక్షల అరవై వేలు కట్టాలట. వెనక్కి తిరిగి చూశాను. బండ ఎక్కడికీ పోలేదు. నేను పైన వదిలేసి వచ్చిన పొత్తును ఒక కాకి తీరిగ్గా పొడుస్తోంది.

ముందు మావాళ్లెవరో చెప్పాలి. బెంగళూరు శివార్లలో ఆనేకల్ దాటి నాలుగు కిలోమీటర్లు పోతే మామ ఇల్లు. వాళ్లు తరతరాలుగా రాళ్లు కొట్టే వడ్డెరలు. ముత్తాతల కాలంలో అనంతపురం వైపు నుంచి ఉలీ సుత్తీ పట్టుకుని బెంగళూరు వచ్చారు. ఈ నగరంలోని పాత కట్టడాల పునాదుల్లో సగం మావాళ్లు కొట్టిన రాళ్లే అంటాడు మామ. సగం అన్నది నేను నమ్మను గానీ ఆయన ముందు ఆ మాట అనను. ఇప్పుడాయన ఉలి పక్కన పెట్టి, లైసెన్సున్న క్వారీల దగ్గర కంచె స్తంభాలు కొని టెంపోలో తోటలకు సరఫరా చేస్తాడు. ఆయన తల్లి భాగీరథమ్మ, మా అందరికీ అవ్వ. డెబ్బై ఎనిమిదేళ్లు. ఆ ఇల్లు, దాని చుట్టూ ఉన్న అరెకరం, అంటే ఇరవై గుంటల భూమి, ఆ భూమిలో సగం ఆక్రమించిన ఆ బండ, అన్నీ ఆవిడ పేరు మీదే ఉన్నాయి.

నేను అవ్వ మనవరాలు కళ్యాణి మొగుణ్ని. పేరు శశిధర్, సొంతూరు వనపర్తి, కాపురం బెంగళూరు హూడిలో. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రాజెక్ట్ మేనేజర్‌ని. అంటే వేరేవాళ్లు చేసే పనికి తేదీలు వేస్తాను. "ఆ తేదీలేవో వాళ్లే ఏసుకుంటే నువ్వేం చేస్తావప్పా" అని పెళ్లయిన కొత్తలో అవ్వ అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు ఇంకా వెతుకుతున్నాను.

ఇక బండ సంగతి. వాళ్లింట్లో దాన్ని నేర్పు బండ అంటారు. ఇంట్లో పుట్టిన ప్రతి పిల్లా పిల్లాడూ ఉలి పట్టడం దాని మీదే నేర్చుకోవాలి. వరసగా బొక్కలు కొట్టాలి, అంతవరకే. ఆ బొక్కల్లో మేకులు దింపి రాయిని చీల్చకూడదు. ఊళ్లో రాళ్లన్నీ కొట్టుకు తిన్నా ఆ ఒక్క బండ నుంచి చిన్న పెచ్చు కూడా విడదీయరు. కళ్యాణికి కూడా అక్కడ పన్నెండు బొక్కలున్నాయి, తొమ్మిదో తరగతి వేసవి సెలవుల్లో కొట్టినవి. నావి లేవు. అల్లుడు ఇంటివాడి లెక్కా, బయటివాడి లెక్కా అన్నది ఎవరూ తేల్చలేదు. కొట్టమని వాళ్లడగలేదు, కొడతానని నేనూ అనలేదు.

అసలు గొడవ మామ చొక్కాతో మొదలైంది. ఆరు నెలల కిందట జిగణి రోడ్డు మీద చెక్‌పోస్టులో ఆయన టెంపోను ఆపి, స్తంభాలకు పర్మిట్ చూపించమన్నారు. పర్మిట్ ఉంది, కానీ నిన్నటి చొక్కా జేబులో ఉంది. ఆ చొక్కా ఇంట్లో తీగ మీద ఆరుతోంది. టెంపో అక్కడే నిలబెట్టేశారు. రెండ్రోజుల తర్వాత తనిఖీకి ఒక జీపు వచ్చింది. ఏ శాఖ జీపో నేను రాయను. అవ్వ దాన్ని రాళ్లాఫీసు అంటుంది, నాకూ ఆ పేరే బాగుంది.

ఎండ మండుతోంది. జీపులోని సారు దిగలేదు. అద్దం దించి, ఇంటి పక్కనున్న బండ అంచు చూసి, "ఈ బొక్కలు ఎవరివి?" అని అడిగాడు. బుద్ధున్న వాడెవడైనా తెలియదు సార్ అంటాడు. మా మామ మాత్రం ఛాతీ విరిచాడు. "అన్నీ మావే సార్. మా తాత కాలం నుంచీ కొడతా ఉండాము. వెయ్యికి పైనే ఉంటాయి. ఒక్కటి వంకర ఉంటే నా పేరు మార్చుకుంటా." రాయి కొట్టే మనిషి పనితనం గురించి అడిగితే ఆగలేడు. సారు ఆ వెయ్యిని రాసుకున్నాడు. ఇన్ని బొక్కలకు ఇంత రాయి అని వాళ్ల దగ్గర ఒక సూత్రం ఉంది. దాని ప్రకారం లెక్క కడితే వచ్చిన రాయి బండ కన్నా పెద్దదైంది. కాబట్టి బండ మొత్తం అయిపోయిందని నివేదికలో రాసేశాడు.

ఉత్తర్వుకు ముందు, సంజాయిషీ అడుగుతూ నోటీసు వచ్చినప్పుడే మామ ఫోన్లో బండ ఫోటోలు తీసుకుని రాళ్లాఫీసుకు పోయాడు. జీపు సారు వాటిని చూసి, "ఇది ఏ ఊరి బండో నాకెలా తెలుస్తుంది? ప్రభుత్వ నివేదిక ఉంది. దాన్ని కాదనాలంటే ఇంకో ప్రభుత్వ నివేదిక తేవాలి" అన్నాడు. మామ ఇంటికొచ్చి ఆ మాట చెప్పి, కంచం ముందు నుంచి లేచిపోయాడు. అవ్వ మాత్రం ఆ మాటను ఆయన చేత రెండుసార్లు చెప్పించుకుంది.

*

ఉత్తర్వు వచ్చిన మర్నాడే లాయర్ లలిత్ దగ్గరికి పోయాం. శివాజీనగర్‌లో ఒక మేడ మీద ఆయన ఆఫీసు. మనిషి మంచివాడే, కానీ కుర్రవాడు, సగం మాటలు ఇంగ్లీషులో నడుస్తాయి.

"అప్పీల్ ఫైల్ చెయ్యడానికి థర్టీ డేస్ టైముంది. బట్ ఒక కండిషన్. మొత్తం అమౌంట్‌కి జామీను ఇవ్వాలి. జామీను లేకపోతే అప్పీల్ తీసుకోరు. తీసుకోకపోతే టెంపో వేలం వేస్తారు, ఆ తర్వాత భూమి మీద పడతారు."

"మళ్లీ వచ్చి బండ చూసిపొమ్మనలేమా?" అన్నాను.

"అడగొచ్చు. అప్పీల్ అడ్మిట్ అయ్యాక. అంటే జామీను తర్వాత."

బండ ఉందో లేదో చూడ్డానికి ముందు, బండ లేనందుకు జామీను పెట్టాలి. ఇలాంటి తేదీలు నా ఉద్యోగంలో ఎవరైనా వేస్తే నేనే ఒప్పుకోను.

ఆ ఆదివారం మామా అవ్వా హూడిలో మా ఫ్లాటుకు వచ్చారు. అవ్వ సోఫాలో కూర్చుని, గోడలు చూసి, పైకప్పు చూసి, కాఫీ తాగింది. మామ తల దించుకుని అడిగాడు. "అల్లుడా, జామీనుకి అప్పులేని ఆస్తి కావాలంట. మాకు తెలిసినోళ్లలో పక్కా కాగితాలుండేది నీ ఒక్కడికే."

"ఫ్లాటు మీద బ్యాంకు లోనుంది మామయ్యా. ఇంకో పద్నాలుగేళ్లు" అన్నాను. నిజమే. ఆ క్షణంలో ఆ బ్యాంకు మీద నాకెంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. వనపర్తిలో నా పేరు మీద రెండు వందల గజాల ప్లాటుంది, దాని మీద పైసా అప్పు లేదు. దాని మాట నేను ఎత్తలేదు. అది వేరే రాష్ట్రం, ఇక్కడ చెల్లదు, పైగా కాగితాలు నాన్న బీరువాలో ఉన్నాయి అని లోపల్లోపల చెప్పుకున్నాను. ఎవరూ అడగని ప్రశ్నకు మూడు జవాబులు తయారుచేసుకున్నాను. కళ్యాణి నా వైపు చూసి, ఖాళీ కప్పులు తీసుకుని వంటింట్లోకి పోయింది.

"పోనీలేప్పా, కాఫీ బాగుండాది" అంది అవ్వ.

బుధవారం అవ్వ తానే లలిత్ ఆఫీసు మెట్లెక్కింది. నేను వెనక ఫైలు మోశాను.

"జామీను నేనుంటా. నా ఇరవై గుంటలు రాసుకో."

లలిత్ పెన్ను కింద పెట్టాడు. "అవ్వా, కేసు నడిచేది ఆ భూమి మీదే కదా."

"కేసు నా కొడుకు మీద. భూమి నాది. అవునా కాదా?"

"అవును."

"దాని మీద అప్పుండాదా?"

"లేదు."

"అట్లాంటి భూమి పనికిరాదని ఏ పుస్తకంలో రాసిండారో చూపీ."

లలిత్ రెండు పుస్తకాలు తిరగేశాడు. అలా ఎక్కడా లేదు. "కానీ ఓడిపోతే డైరెక్టుగా అదే పోతుంది అవ్వా. ఇల్లు, బండ, అన్నీ. మధ్యలో ఇంకో నోటీసు కూడా ఉండదు."

ఆ బండ నీడలోనే ఆవిడ ఐదుగురు పిల్లల్ని కన్నది, ఆవిడ భర్త, మా తాతను కూడా ఆ బండ వెనకే పూడ్చారు. "పోదులే" అంది అవ్వ. "రాయప్పా."

ఇది ముసలితనపు మొండితనం అనుకున్నాను. ఆ మాట దారిలో కళ్యాణికి ఫోన్ చేసి చెప్పాను కూడా.

*

జామీను చెల్లాలంటే భూమి విలువ ఎంతో తహసీల్దారు ముద్రతో కాగితం కావాలి. ముద్రకు ముందు విలేజ్ అకౌంటెంటు వచ్చి భూమి చూసి, జాబితా రాయాలి. మా ఊరి విలేజ్ అకౌంటెంటు పేరు పిల్లప్ప. ఆయన శుక్రవారం పదకొండుకు మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. పన్నెండుకల్లా వెళ్లిపోదామని ఆయన ఉద్దేశం. అవ్వ ఉద్దేశం వేరు. రాగి సంకటి, బస్సారు అనే ఆకుకూర చారు, నాటుకోడి పులుసు వండించింది.

నేను ఆఫీసుకు సెలవు పెట్టి, ల్యాప్‌టాప్, చిన్న ప్రింటరు తెచ్చుకుని, జాబితా టైపు చేయడానికి కూర్చున్నాను. తేదీలు వేసేవాడికి కనీసం ఈ పనైనా చేతనవుతుందని వాళ్లకు చూపించాలని నా తాపత్రయం.

"ఇరవై గుంటలు, మెట్ట భూమి. అయిపోయె" అన్నాడు పిల్లప్ప.

"అట్ల రాస్తే ఎట్లప్పా పిల్లప్పా. ఆ భూమిలో ఏమేముండాదో అదంతా రాయి. ఇల్లు రాయి. కొట్టం రాయి. బోరు రాయి, మోటారు సెపరేటుగా రాయి. తులసి కోట..."

వేళ్లు ముడుస్తూ ఆవిడ చెబుతోంది, నేను టైపు చేస్తున్నాను. తులసి కోట దగ్గర నాకు విసుగొచ్చింది. "అవ్వా, దానికి విలువ కట్టరు" అన్నాను. "రాసేదానికి నీకేం కష్టమప్పా" అంది. రాశాను. ఆ తర్వాత, చింతచెట్టూ రెండు టెంకాయ చెట్లూ చెప్పేముందు, ఏమీ ఎరగనట్టు, "బండ" అంది.

పిల్లప్ప తల అడ్డంగా ఊపాడు. "బండ అని రాస్తే రేటు పడిపోతాది అవ్వా. రాతి నేల అయిపోతాది."

"పడనీ. జామీనుండే మనిషిని, అబద్ధం చెప్పకూడదు. పొడుగు, అడ్డం, ఎత్తు, అన్నీ కొలిచి రాసుకో. పైకెక్కి ఒక పటం తీయించుకో. మీ ఫోనులో తీస్తే తేదీ దానంతట అదే పడుతాదంట గదా."

అలా పిల్లప్ప బండెక్కాడు. టేపు రెండో కొస పట్టుకుని నేనూ ఎక్కాను, మళ్లీ అవే బూట్లతో. ఆయన శిఖరం మీద నిలబడి నడుం మీద చెయ్యి పెట్టుకున్నాడు. ప్రభుత్వ యాప్‌లో నేనే ఫోటో తీశాను. తేదీ, సమయం, అక్షాంశ రేఖాంశాలతో సహా పడింది.

కిందికి దిగి లెక్క కట్టాను. బండతో కలిపితే భూమి విలువ పద్దెనిమిది లక్షల ముప్పై ఐదు వేలు. కావలసినదానికి పాతిక వేలు తక్కువ. బండ వరస తీసేసి మామూలు మెట్ట అంటే ముప్పై ఒక్క లక్ష. ఇందులో ఆలోచించడానికేముంది? పిల్లప్ప రెండో ముద్ద సంకటి మింగుతుండగా నేను బండ వరసను తొలగించి, ప్రింటు తీసి, సంతకానికి ఆయన ముందు పెట్టాను. ఒక ఇంటిని నేనొక్కడినే కాపాడుతున్నానని ఆ పూట నాకు నమ్మకం.

అవ్వ ఆ కాగితం చేతికి తీసుకుంది. ఆవిడకు చదువు రాదు. వేలు పెట్టి పై నుంచి కిందికి వరసలు లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

"నేను పదకొండు చెప్పినా. ఈడ పది ఉండాయి. కళ్యాణీ, ఇది చదువు."

కళ్యాణి గట్టిగా చదివింది. ఇల్లు, కొట్టం, బోరు, మోటారు, చింతచెట్టు, తులసి కోట కూడా ఉన్నాయి. బండ లేదు. పిల్లప్ప బస్సారు జుర్రుకుంటున్నాడు.

"ఏమప్పా అల్లుడా" అంది అవ్వ మెల్లగా. "మా బండని రాళ్లాఫీసోళ్లు ఒకసారి మాయం చేసిరి. నువ్వు రెండోసారి చేస్తివి."

మామ మొహం తిప్పుకుని నవ్వాడు. ఉత్తర్వు వచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు. నా మొహం మాడిపోయింది. "రేటు కోసం అవ్వా" అని నసిగాను. "బండ ఉంటే పాతిక వేలు తగ్గుతోంది."

"ఆ పాతిక వేలు పిల్లప్ప చూసుకుంటాడు. కోడి ఇంకొంచెం ఏసుకో నాయనా."

పిల్లప్ప ఇంకొంచెం వేసుకుని, చింతచెట్టు వైపు తలెత్తి చూసి, అది చాలా కాపు కాసే చెట్టని గుర్తించాడు. కొట్టం గోడలు రాతివని గుర్తించాడు. అవి రెండూ నిజమే. మొత్తం పద్దెనిమిది లక్షల అరవై రెండు వేలకు తేలింది. బండను ఆరో వరసలో మళ్లీ టైపు చేశాను. ఈసారి అవ్వ నా వెనకే నిలబడింది.

*

అప్పీలు వినే ఆఫీసు నగరంలో ఒక పాత భవనం మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు పనిచేయదు. అవ్వ మధ్యలో రెండుసార్లు కూర్చుని ఎక్కింది. పైన అప్పీలు అధికారిణి, యాభై ఏళ్ల మేడం, కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని ఫైళ్లు చూస్తోంది. రాళ్లాఫీసు తరఫున జీపు సారే వచ్చాడు. ఇక్కడ మెట్లెక్కాల్సి వచ్చినందుకు ఆయనకు చెమటలు పట్టాయి.

మాటలన్నీ కన్నడంలో సాగాయి. మేడం జామీను కాగితం ఆయన వైపు జరిపింది. "శాఖకు అభ్యంతరం ఉందా?"

జీపు సారు చివరి పేజీ చూశాడు. తహసీల్దారు ముద్ర ఉంది. మొత్తం సరిపోయింది, రెండు వేలు ఎక్కువే. "లేదు మేడం."

"రాసి ఇవ్వండి."

జాబితా పరిశీలించాం, అంతా సరిగా ఉంది, అభ్యంతరం లేదు అని రాసి, ఆయన తేదీ వేసి సంతకం చేశాడు. మేడం అవ్వ వైపు తిరిగింది. "ఆస్తి మీదేనా అమ్మా? మీ ఇష్టంతోనే జామీను ఉంటున్నారా?"

"నాదే తల్లీ, ఇష్టంతోనే. ఒకటే అనుమానం. మావాడు ఓడిపోతే ఇందులో ఉండేదంతా సర్కారు తీసుకుంటాదా?"

"అవునమ్మా. జాబితాలో ఉన్నవన్నీ."

"అట్లయితే ఆరో వరసలో ఉండేది ఎట్ల తీసుకుంటారు? అది లేదని ఈ సారు ముందే రాసిండాడు గదా."

మేడం కళ్లజోడు పైకి నెట్టుకుంది. ఆరో వరస చదివింది. ఏకశిల బండ, పొడుగు ఇంత, అడ్డం ఇంత, ఎత్తు పద్నాలుగు అడుగులు, చెక్కు చెదరకుండా ఉన్నది. కింద పిల్లప్ప నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డ ఫోటో. ఇంకో చేత్తో ఉత్తర్వు తీసి పక్కన పెట్టింది. బండను పూర్తిగా తొలగించి. రెండు కాగితాల మీదా ప్రభుత్వ ముద్రే.

అప్పుడు తెలిసింది నాకు. తులసి కోట ఎందుకో, సంకటి ఎందుకో, ఫోటో ఎందుకో. పక్కన లలిత్ నోరు తెరుచుకుని ఉన్నాడు. లాయరుకు కూడా చెప్పలేదన్నమాట.

"మేడం, అది రెవెన్యూ వాళ్ల కాగితం..." అన్నాడు జీపు సారు.

"కింద సంతకం మీది. ఇంకా తడి ఆరలేదు" అంది మేడం. "బండ ఉంటే మీ ఉత్తర్వు తప్పు. లేకపోతే ఇప్పుడు చేసిన సంతకం తప్పు. ఏది తప్పో మీరే చెప్పండి, అదే రాసుకుంటాను."

ఆయన చేతిరుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "మళ్లీ పరిశీలించాలి మేడం."

మేడం జామీను అంగీకరించి, ఉత్తర్వు ఆపి, టెంపో వదిలేయమంది. పది రోజుల్లో మళ్లీ తనిఖీ చేయాలని రాయించింది. రాసే గుమాస్తాను ఆపి, "జీపు దిగి, స్వయంగా ఎక్కి" అని కలిపించింది.

తిరుగు ప్రయాణంలో కారు నేనే నడిపాను. బొమ్మనహళ్లి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇక ఉండబట్టలేక అడిగాను. "ముందే చెప్పొచ్చు కదా అవ్వా. నేను బండ తీసేసి ఎంత పని చేసేవాణ్నో."

"చెప్తే ఆ గదిలో నీ మొగం చూసి జీపాయన కనిపెట్టేసుండును. నీకు మొగంలో ఏమీ దాగదప్పా. ఫ్లాటు అడిగిన దినమే చూసినా."

ఆకుపచ్చ దీపం పడింది. నేను గమనించలేదు, వెనకవాళ్లు హారన్లు మోగించారు. నాకు నిజంగా సిగ్గేసింది. కొంతదూరం పోయాక వనపర్తి ప్లాటు సంగతి చెప్పేశాను.

"తెలుసు" అంది అవ్వ. "కళ్యాణి ఎప్పుడో చెప్పింది."

"మరి అడగలేదే?"

"అడిగి గుంజుకుంటే అది జామీను ఎట్లయితాది, వసూలు అయితాది" అని, ఆవిడ కిటికీలోంచి మెట్రో స్తంభాలు చూడసాగింది. "ఈ రాయి మంచిది కాదు" అంది కాసేపటికి. అది రాయి కాదు, సిమెంటు అని నేను చెప్పలేదు.

*

తనిఖీకి ముందురోజు లలిత్ ఫోన్ చేసి అందరికీ గట్టిగా చెప్పాడు. బొక్కల గురించి అడిగితే ఎవరూ నోరు విప్పకూడదు, ముఖ్యంగా నరసింహప్ప. మామ తల ఊపి, మళ్లీ ఊపి, ఒట్టు కూడా వేశాడు.

ఆ సాయంత్రం అవ్వ నా చేతిలో ఒక ఉలి పెట్టింది. పిడి అరిగి నున్నగా ఉంది. "మీ తాతది. పైకి పోయి ఒక బొక్క కొట్టు."

"ఇప్పుడా? రేపు తనిఖీ ఉంది అవ్వా. లలిత్ ఏమన్నాడో విన్నావుగా."

"లలిత్ లాయరు. నువ్వు అల్లుడివి. పో."

కళ్యాణి తన పన్నెండు బొక్కల పక్కన చోటు చూపించి, ఉలి ఎలా పట్టాలో, ప్రతి దెబ్బకూ ఎలా తిప్పాలో చెప్పింది. మొదటి దెబ్బ రాయి మీద పడింది, రెండోది నా బొటనవేలి మీద పడింది. గంటన్నర కొట్టాను. మామ కింద నుంచి చూస్తూ మూడుసార్లు కళ్లు మూసుకున్నాడు. మొత్తానికి రెండంగుళాల లోతు బొక్క తేలింది, కుడివైపుకి వాలి. కళ్యాణి దాన్ని వేలితో తడిమి చూసి, నా చొక్కా మీద రాతిపొడి దులిపింది. నేను అంత సంతోషపడి ఎన్నాళ్లయిందో గుర్తులేదు.

మర్నాడు లలిత్, పిల్లప్ప ముందే వచ్చారు. జీపు సారు దిగి, ఎక్కి, కొలిచాడు. నా బూట్ల కన్నా ఆయన బూట్లు ఇంకా పనికిరానివి, పిల్లప్ప ఒక చెయ్యి, నేను ఒక చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. బండ ఉందని రాసుకున్నాడు. కొలతలు పిల్లప్ప కొలతలతో కలిశాయి. తర్వాత బొక్కల వైపు నడిచాడు. ఈసారి అడగలేదు, కూర్చుని ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. ఒక దాంట్లో కూడా మేకు దింపిన గుర్తు లేదని, ఏదీ చీల్చలేదని ఆయనకే తెలిసింది. చివర్లో ఒకచోట ఆగాడు.

"ఇదేంటి, వంకరగా ఉంది. ఇది ఎవరిది?"

మామ పెదవులు బిగించుకుని ఆకాశం చూశాడు. ఒక్కటి వంకర ఉంటే పేరు మార్చుకుంటానని ఈ సారు ఎదుటే అన్నాడు పాపం. లలిత్ నా వైపు చూసి కళ్లతోనే వద్దన్నాడు. అవ్వ కింద చింతచెట్టు నీడలో కూర్చుని తలెత్తి చూస్తోంది.

"నాది సార్" అన్నాను. "నిన్న కొట్టాను. మిగతావన్నీ వాళ్లవి, వంకరది నాది."

లలిత్ కళ్లు మూసుకున్నాడు. జీపు సారు నా కట్టు కట్టిన బొటనవేలు చూశాడు, బొక్క చూశాడు, తల ఊపి రాసుకున్నాడు.

రెండు నెలలకు తీర్పు వచ్చింది. ఉత్తర్వు రద్దు, జరిమానా రద్దు, జామీను విడుదల. నాలుగో పేజీలో తనిఖీ నివేదికను యథాతథంగా ఎక్కించారు. రంధ్రాలు వెయ్యిన్నీ పదమూడు, రాయి తీసిన ఆనవాలు లేదు, రంధ్రాలన్నీ ఇంటివారు కొట్టినవే, అందులో వంకరగా ఉన్న ఒకటి ఇంటి అల్లుడిది.

ఆ పేజీకి లామినేషన్ చేయించి హూడిలో సోఫా పైన తగిలించాను. నేను ఆ ఇంటివాణ్నేనని ప్రభుత్వం రాసిచ్చింది. ఎవరైనా కాదనాలంటే ఇంకో ప్రభుత్వ కాగితం తెచ్చుకోవాలి.